పసిబిడ్డ గుడ్డల్లో రసాయనాలు మిగలకుండా చూసుకోవడం ఎలా

నెలలు నిండుతున్న ఆడపిల్లలు ఈ మధ్య తరచుగా అడిగే మాట ఇది: "బజార్ల అమ్మే బట్ట డైపర్లల్ల కెమికల్స్ ఉంటయట గదా, వాడొచ్చా?" ఉంటాయి. కాకపోతే మిల్లు నుంచి గుడ్డతో పాటు వచ్చేవాటిలో చాలావరకు మొదటి నాలుగైదు ఉతుకుల్లో నీళ్ళలో కలిసిపోతాయి. ఆ తర్వాత, రంగు సంగతి పక్కన పెడితే, గుడ్డలో ఉండేదంతా మనం ఇంట్లో ఎక్కించిందే. సరిగ్గా జాడించని సర్ఫు, వాసన కోసం పోసిన కండిషనర్, డెట్టాల్, నీలం, గంజి, సందుగలోని డాంబర్ గోలీలు, చేనుకు మందు కొట్టొచ్చిన అంగీ నుంచి అంటినది. కంపెనీ వాడి మీద ఉన్న అనుమానంలో సగం మన బకెట్ మీద, మన బీరువా మీద పెడితే బిడ్డకు ఎక్కువ మేలు. అందుకే కొనడం గురించి కొంచెం, ఉతకడం, దాచడం గురించి ఎక్కువ చెబుతాను.

ఏ గుడ్డ తీసుకోవాలి

కట్టి కట్టి మెత్తబడిన నూలు చీర గానీ, తాత కట్టిన మల్లు పంచె గానీ ఇంట్లో ఉంటే ముందు దాన్నే చింపండి. ఏళ్ళ తరబడి ఉతికిన గుడ్డలో మిల్లు రసాయనం మిగిలి ఉండే అవకాశం దాదాపు లేదు. పుట్టిన బిడ్డకు వెంటనే కొత్త బట్ట తొడగనివ్వని పెద్దవాళ్ళు ఇంకా చాలా ఇళ్ళలో ఉన్నారు. వాళ్ళు చెప్పే కారణం వేరే కావచ్చు, ఈ విషయంలో మాత్రం వాళ్ళ మాట వినండి.

పాత చీరలన్నీ నూలువి కావు, అది చూసుకోవాలి. సిరిసిల్ల మరమగ్గాల మీద నేసేదాంట్లో ఎక్కువ భాగం పాలిస్టరే. మన ఇళ్ళలో మడతపెట్టి ఉన్న తేలికపాటి చీరల్లో చాలా ఆ రకానివి. తాకితే మెత్తగా ఉంటాయి గానీ నీళ్ళు పీల్చవు. అనుమానం వస్తే అంచు నుంచి రెండు పోగులు లాగి, గిన్నె మీద పట్టుకుని అగ్గిపుల్ల అంటించండి. నూలు కాగితంలా కాలి, వేళ్ళతో నలిపితే పొడైపోయే బూడిద అవుతుంది. పాలిస్టర్ ముడుచుకుని, కరిగి, గట్టి పూస కడుతుంది. పూస కట్టిన చీరను తొట్టెల కట్టడానికి వాడుకోండి, లంగోటీలకు వద్దు.

కొత్తవి కొనేటప్పుడు రంగు లేనివి, లేదా లేత గోధుమ వన్నెలో ఉండే శుద్ధి చేయని నూలువి అడగండి. మన ప్రభుత్వం 1990లలోనే 112 అజో, బెంజిడిన్ రంగుల మీద నిషేధం పెట్టింది. ఆ రంగులు విరిగితే క్యాన్సర్ తెచ్చే అమైన్లు అనే రసాయనాలు వస్తాయని. నిషేధం ఉన్నంత మాత్రాన అంగట్లో కుప్పపోసి అమ్మే ప్రతి జుబ్బానూ ఎవరో పరీక్షించారని కాదు. పైగా రంగు అనేది ఉతికితే పోయే సరుకు కాదు, పోకుండా ఉండాలనే వేస్తారు. కాబట్టి రంగు విషయంలో ఉతకడం కంటే కొనకపోవడమే దారి. తప్పనిసరై కొంటే ముదురు నీలం, నలుపు, ఎరుపు వదిలేయండి. ముందు భాగంలో రబ్బరులా మందంగా అతికించిన బొమ్మలున్నవీ, ఇనుప టిచ్ బటన్లున్నవీ కూడా వద్దు. ఆ బొమ్మల్లో ప్లాస్టిక్‌ను మెత్తబరిచే థాలేట్లు ఉండొచ్చు, బటన్లలోని నికెల్ కొందరు పిల్లలకు పడదు.

రంగు తర్వాత చూసుకోవాల్సిన రెండో రసాయనం ఫార్మాల్డిహైడ్. ముడతలు పడకూడదని, ఇస్త్రీ చేసినట్టు నిలవాలని బట్టకు పట్టించే జిగురు మందుల్లోంచి ఇది వస్తుంది. కొత్త బట్టల మడత విప్పగానే ముక్కు మండినట్టుండే ఘాటుకు ఇదీ ఒక కారణం. జపాన్ 1973లో చేసిన చట్టం ప్రకారం రెండేళ్ళలోపు పిల్లల బట్టల్లో ఇది కిలోకు 16 మిల్లీగ్రాములు కూడా ఉండకూడదు. అయితే ఇది నీళ్ళలో కరుగుతుంది, కాబట్టి దీన్ని ఉతికి చాలావరకు వదిలించవచ్చు.

లేబుళ్ళలో రెండింటికి విలువ ఉంది. ఓకో-టెక్స్ (OEKO-TEX) స్టాండర్డ్ 100 అని ఉంటే తయారైన గుడ్డను రసాయనాల కోసం పరీక్షించారని అర్థం. అందులో క్లాస్ 1 అన్నది మూడేళ్ళలోపు పిల్లల కోసం, అన్నిటికంటే కఠినమైనది. జీవోటీఎస్ (GOTS) అని ఉంటే నూలులో కనీసం 70 శాతం సేంద్రియమనీ, రంగు వేయడంలో వాడే రసాయనాల మీద కూడా అదుపు ఉందనీ అర్థం. రెండింటి లేబుల్ మీదా ఒక నంబరు ఉంటుంది, దాన్ని ఆ సంస్థల వెబ్‌సైటులో కొట్టి చూసుకోవచ్చు. నంబరు లేకుండా "ఆర్గానిక్", "బేబీ సేఫ్" అని రాసి ఉంటే అది అట్టపెట్టె మీది బొమ్మతో సమానం.

మన వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు వచ్చే పత్తి మీద ఎన్ని దఫాలు మందు కొడతారో మనకు తెలుసు కాబట్టి, ఆ మందంతా బట్టలో ఉంటుందేమోనన్న భయం మన దగ్గర కొంచెం ఎక్కువ. మిల్లులో గుడ్డను కాస్టిక్ సోడాతో మరగబెడతారు, తర్వాత హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో తెల్లబరుస్తారు. పత్తి మైనంతో పాటు పురుగుమందు జాడలు కూడా అక్కడే చాలావరకు పోతాయి. సేంద్రియ పత్తి వల్ల రైతుకూ నేలకూ మేలు, అందుకు కొనాలనిపిస్తే కొనండి. బిడ్డ చర్మం సంగతి మాత్రం ఆ తర్వాత వేసే రంగు, పట్టించే మందుల మీద ఆధారపడి ఉంటుంది.

కొత్త గుడ్డకు మొదటి ఉతుకులు

కానుపుకు నెల ముందే ఈ పని ముగించండి. బాలింతకు ఈ చాకిరీ పెట్టకూడదు.

కొత్త లంగోటీలను రాత్రంతా మామూలు నీళ్ళలో నానబెట్టి పొద్దున ఆ నీళ్ళు పారబోయండి. గంజి, నేత జిగురు అందులోనే సగం దిగిపోతాయి. తర్వాత చెయ్యి పెట్టలేనంత వేడి నీళ్ళలో కొద్దిగా సర్ఫు వేసి అరగంట ఉంచి, కర్రతో తిప్పి, ఉతికి జాడించండి. ఎండలో పూర్తిగా ఆరనిచ్చి మళ్ళీ ఇదే పని చేయండి. నాలుగుసార్లకు తక్కువ వద్దు. శుద్ధి చేయని లేత గోధుమ రంగు నూలుకు ఇంకో రెండు సార్లు పడుతుంది, ఎందుకంటే దాని మీద పత్తి మైనం అలాగే ఉంటుంది. అది దిగేదాకా గుడ్డ నీళ్ళు పీల్చదు.

పని అయిందా లేదా అని తెలుసుకోవడానికి ఆరిన గుడ్డ మీద ఒక నీటి చుక్క వేయండి. వెంటనే ఇంకిపోతే సరే. ముత్యంలా నిలబడితే ఇంకా మైనమో, మందో ఉంది. రంగు గుడ్డయితే తడిపి తెల్ల చేతిరుమాలుతో గట్టిగా రుద్దండి. రుమాలుకు రంగు అంటుతూనే ఉంటే ఆ గుడ్డను తుడుచుకోవడానికి వాడుకోండి.

పైన వేసే నీళ్ళు దిగని కవర్లకు లోపలివైపు పాలీయురేథేన్ పొర ఉంటుంది. వాటిని మరగబెట్టినా, ఇస్త్రీ పెట్టినా పొర లేచిపోతుంది. గోరువెచ్చని నీళ్ళు చాలు. కవరు నేరుగా చర్మానికి తగలకుండా ఎప్పుడూ నూలు గుడ్డ లోపల ఉండాలి. మైక్రోఫైబర్ ప్యాడ్‌లకూ ఇదే మాట, అవి తడితో పాటు చర్మంలోని నూనెను కూడా లాగేస్తాయి.

డాంబర్ గోలీలు: ఇది మాత్రం ఆటలాడే విషయం కాదు

పైన చెప్పినవాటిలో ఏది మరచిపోయినా బిడ్డకు వెంటనే కనిపించేది మహా అయితే దద్దురే. ఇది మరచిపోతే ప్రాణం మీదికి రావచ్చు.

పాత నూలు చీరలు మంచివన్నాను కదా, అవి ఎక్కడి నుంచి వస్తాయి? అమ్మమ్మ సందుగలోంచి, బీరువా అడుగు అరలోంచి. అక్కడ డాంబర్ గోలీలు ఉంటాయి, కొందరు కలరా ఉండలు అంటారు. అది నాఫ్తలిన్. నెమ్మదిగా ఆవిరై గుడ్డల పోగుల్లోకి చేరుతుంది. ఆ గుడ్డలో బిడ్డను చుడితే ఊపిరితో లోపలికి పోతుంది, చర్మం గుండా కూడా పోతుంది. నూనె రాసిన ఒంటికైతే మరింత తేలిగ్గా ఎక్కుతుంది, మనమేమో రోజూ నూనెతో నలుగుపెట్టి స్నానం పోసి అదే గుడ్డలో చుడతాం.

కొందరు పిల్లలకు పుట్టుకతోనే జీ6పీడీ అనే ఎంజైమ్ తక్కువ ఉంటుంది. మన దేశంలో ఇది అరుదైన సంగతి కాదు, మగపిల్లల్లో ఎక్కువ. అలాంటి బిడ్డకు నాఫ్తలిన్ సోకితే ఎర్ర రక్తకణాలు పగిలిపోతాయి. కామెర్లు ఒక్కసారిగా పెరుగుతాయి, రక్తం తగ్గుతుంది, కామెర్లు మరీ ముదిరితే మెదడుకు దెబ్బ తగులుతుంది. గోలీల మధ్య దాచిన బట్టల వల్ల పసివాళ్ళకు ఇలా జరిగిన ఉదంతాలు వైద్యగ్రంథాల్లో దశాబ్దాలుగా ఉన్నాయి. మీ బిడ్డకు ఆ లోపం ఉందో లేదో పరీక్ష చేయించకుండా తెలియదు.

కాబట్టి ఆరో నెలలోనే సందుగ ఖాళీ చేయించండి. గోలీల వాసన కొట్టే గుడ్డను పుట్టిన బిడ్డకు వాడకండి, ఎంత మెత్తటిదైనా సరే. ఉతికితే పోదా అంటే, నాఫ్తలిన్ నీళ్ళలో అంతగా కరగదు. ఒక్క ఉతుకుతో పోయిందనుకోవడం పొరపాటు. వేరే గుడ్డ బొత్తిగా లేకపోతే రోజుల తరబడి ఎండలో, గాలిలో విప్పి ఆరేసి, వేడి నీళ్ళలో పలుమార్లు ఉతికి, మళ్ళీ ఆరేసి, ముక్కు దగ్గర పెట్టుకుంటే ఏ వాసనా లేనప్పుడే ఆలోచించండి. నన్నడిగితే కొత్త మల్లు గుడ్డ రెండు మీటర్లు కొనడం నయం.

గోలీల బదులు కర్పూరం బిళ్ళలు పెట్టేవాళ్ళున్నారు. అదీ వద్దు, కర్పూరం పసివాళ్ళకు విషమే. బాత్రూముల్లో వేలాడదీసే వాసన బిళ్ళలు బీరువాలో పెట్టడం కూడా మానండి. నీడన ఎండబెట్టిన వేపాకును గుడ్డలో మూటగట్టి మూలకు పెడితే చాలు. నిజానికి రోజూ ఉతికి వాడే గుడ్డకు పురుగు పట్టే తీరికే ఉండదు. బిడ్డను చూడటానికి వచ్చే చుట్టాలు ఇచ్చే దుప్పట్లు, ఊలు టోపీలు కూడా వాసన చూశాకే తొడగండి. మొహమాటపడకండి.

చేనుకు మందు కొట్టిన బట్టలు

నర్సంపేట, పరకాల, భూపాలపల్లి వైపు పత్తి, మిర్చి చేలున్న ఇళ్ళలో వానాకాలం మొదలైతే పొద్దున మందు కొట్టి మధ్యాహ్నం వచ్చి బిడ్డను ఎత్తుకునే నాన్నలు, తాతలు ఉంటారు. ఆ అంగీ, లుంగీ మీద ఉన్న పురుగుమందు ముందు బిడ్డ గుడ్డలున్న బకెట్లోకి, అక్కడి నుంచి గుడ్డల్లోకి పోతుంది. మందు కొట్టిన బట్టలను వేరే బకెట్లో, వేరే సమయంలో, వేడి నీళ్ళతో, సర్ఫు ఎక్కువ వేసి ఉతకాలి. వాషింగ్ మెషీన్ ఉంటే ఆ తర్వాత ఒకసారి ఖాళీగా సర్ఫు నీళ్ళతో తిప్పాలి. ఆరేసే దండెం కూడా వేరు. చేను ఇంటి వెనకే ఉంటే మందు కొట్టే రోజు బిడ్డ గుడ్డలు బయట వేయకండి, గాలికి కొట్టుకొస్తుంది.

ఖాళీ మందు డబ్బాను కోసి మగ్గుగా వాడే అలవాటు ఇంకా కొన్ని ఇళ్ళలో ఉంది. ఎన్నిసార్లు కడిగినా అది మందు డబ్బాయే. మనిషి స్నానం పోసుకుని బట్ట మార్చుకున్నాకే బిడ్డను ఎత్తుకోవాలని ఇంట్లో గట్టిగా చెప్పండి, కోపం వచ్చినా ఫర్వాలేదు.

రోజువారీ ఉతుకు

తడిసిన గుడ్డను వెంటనే మామూలు నీళ్ళలో జాడించి పక్కన పెట్టండి. దొడ్డికి పోయిన గుడ్డను ముందు నల్లా కింద దులిపి కడిగి, అప్పుడు నానబెట్టండి. రెండూ ఒకే బకెట్లో వద్దు.

సర్ఫు విషయంలో మనందరి చెయ్యీ పెద్దదే. సగం బకెట్ నీళ్ళకు, ఓ పది గుడ్డలకు, ఒక టీస్పూన్ నిండుగా చాలు. నురుగు ఎక్కువ వస్తే బాగా ఉతికినట్టు అనిపిస్తుంది గానీ ఆ నురుగే తర్వాత జాడించలేక గుడ్డలో ఉండిపోతుంది. అది రాత్రి బిడ్డ ఉచ్చ పోసినప్పుడు మళ్ళీ కరిగి చర్మానికి తగులుతుంది.

నీళ్ళ సంగతి ఇక్కడ తప్పదు. మన వైపు చాలా బోర్లలో నీళ్ళు చవుడు. బిళ్ళ సబ్బుతో ఉతికితే ఆ నీళ్ళలోని కాల్షియంతో కలిసి తెల్లటి జిడ్డు కడుతుంది, ఎంత జాడించినా పోగుల్లోనే కూర్చుంటుంది. గుడ్డ అట్టలా బిగుసుకుంటే కారణం అదే. బోరు నీళ్ళతో ఉతకాల్సి వస్తే బిళ్ళ కంటే వాసన లేని డిటర్జెంట్ నయం. ఆఖరి రెండు జాడింపులకైనా మిషన్ భగీరథ కింద ఇంటికొచ్చే నల్లా నీళ్ళు పట్టి పెట్టుకోండి. వానాకాలంలో చూరు నీళ్ళు పట్టుకోగలిగితే మరీ మంచిది, మొదటి జల్లు వదిలేసి పట్టండి.

ఎన్నిసార్లు జాడించాలి అంటే లెక్క చెప్పను, పరీక్ష చెబుతాను. ఆఖరిసారి పిండిన నీళ్ళను ఒక గాజు గ్లాసులో పట్టి చిటికెడు పసుపు కలపండి. పక్కన ఇంకో గ్లాసులో జాడించడానికి పట్టుకున్న శుభ్రమైన నీళ్ళు పోసి అందులోనూ అంతే పసుపు వేయండి. పసుపు బట్ట మీద సబ్బు పడితే ఎర్రబడటం మీరు చూసే ఉంటారు, ఇదీ అదే. పిండిన నీళ్ళు రెండో గ్లాసు కంటే ఎర్రగా ఉంటే ఇంకా సబ్బు, సోడా ఉన్నట్టే. రెండో గ్లాసు ఎందుకంటే కొన్ని బోరు నీళ్ళు వాటంతట అవే పసుపును కొంచెం ఎర్రబరుస్తాయి. క్షారం లేని లిక్విడ్ వాడేవాళ్ళకు పసుపు చెప్పదు, వాళ్ళు ఆరిన గుడ్డ ఒకటి సీసాలో శుభ్రమైన నీళ్ళతో వేసి గట్టిగా ఊపి చూడాలి. నురుగు నిలబడితే మళ్ళీ జాడించాల్సిందే.

కండిషనర్ అసలు పోయకండి. అది పోగు మీద మైనంలాంటి పూత వేస్తుంది, గుడ్డ పీల్చడం మానేస్తుంది. పైగా అందులోని వాసన మందులే చాలామందికి పడవు. నీలం, గంజి కూడా ఈ గుడ్డలకు అక్కర్లేదు. డెట్టాల్ ప్రతి ఉతుకులో మూత నిండా పోసే ఇళ్ళున్నాయి. వేడి నీళ్ళు, ఎండ చేసే పనికి అది అదనం, మిగిలితే మంట. ఇంట్లో ఎవరికైనా విరేచనాలు పట్టుకున్నప్పుడు నూలు గుడ్డలను పది నిమిషాలు మరగబెట్టండి, అది చాలు. కుంకుడు రసం వాడతామంటే వాడండి, జాడించడం మాత్రం దానికీ తప్పదు, అదీ నురుగే. తెల్లటి మెరుపు కోసం సర్ఫుల్లో కలిపే పదార్థాల గురించి కొందరు భయపెడుతుంటారు. జాడింపు సరిగ్గా ఉంటే నేను దాని గురించి నిద్ర మానుకోను.

గుడ్డ కొన్నాళ్ళకు పీల్చడం మానేస్తే నూనె, క్రీములు పేరుకున్నాయని. జింక్ క్రీమ్ రాసినప్పుడు లోపల ఒక పాత గుడ్డ ముక్క వేసి, దాన్ని విడిగా ఉతకండి.

మొలతాడు, 21వ రోజు గౌన్లు

మొలతాడు ఎవరూ లెక్కలోకి తీసుకోరు. నల్లరంగు అద్దిన దారం, రాత్రింబవళ్ళు తడి లంగోటీ కింద నానుతూ ఉంటుంది. కట్టే ముందు వేడి నీళ్ళలో ఉప్పు వేసి నానబెట్టి, నీళ్ళు నల్లబడటం ఆగేదాకా కడగండి. నడుము చుట్టూ గీతలా ఎర్రబడితే విప్పేయండి, మానాక మళ్ళీ కట్టుకోవచ్చు.

21వ రోజు తొట్టెలలో వేసేటప్పుడు తొడిగే జరీ, నెట్టు గౌన్లు ఉతికితే పాడవుతాయని అలాగే తొడుగుతారు. లోపల ఉతికిన నూలు జుబ్బా ఒకటి వేసి, ఫొటోలు దిగాక తీసేయండి. సాంబ్రాణి పొగ బిడ్డ గుడ్డలకు పట్టించడం కూడా మానుకోవచ్చు, ఆ పొగ గుడ్డలో ఉండిపోతుంది.

ఆరేయడం

ఎండను మించింది లేదు. మరకలు కూడా ఎండకే తగ్గుతాయి. ముసురు పట్టిన రోజుల్లో ఫ్యాను కింద ఆరేసి, చివర ఇస్త్రీపెట్టెతో వేడి చేయండి. దోమల చుట్ట వెలిగించే గదిలో మాత్రం వేయకండి.

దద్దురు లేస్తే

లంగోటీ కింద ఎర్రబడగానే కెమికల్ అని తేల్చేయకండి. ఎక్కువసార్లు కారణం తడి, రాపిడి, దొడ్డి తగులుతూ ఉండటం. అప్పుడు ఉబ్బెత్తు భాగాలు ఎర్రబడి, తొడ ముడతలు మామూలుగా ఉంటాయి. గుడ్డ త్వరత్వరగా మార్చి, రోజుకు కొంతసేపు గాలికి వదిలితే తగ్గుతుంది. ముడతల్లోనే ఎర్రగా ఉండి, చుట్టూ చిన్న చిన్న చుక్కలుంటే అది ఫంగస్, దానికి డాక్టర్ ఇచ్చే మందు కావాలి. ఎలాస్టిక్ తగిలిన మేరకు, రంగు అంచు తగిలిన మేరకు, కొలిచినట్టు ఎర్రబడితే అప్పుడు గుడ్డను అనుమానించండి. అది మార్చి, కొన్ని రోజులు తెల్ల నూలు గుడ్డలు మాత్రమే, నాలుగు నీళ్ళు ఎక్కువ జాడించి వాడి చూడండి.

చీము, పొక్కులు, జ్వరం ఉంటే ఆలస్యం చేయకండి. కళ్ళు, ఒళ్ళు పచ్చబడటం, ఒళ్ళు పాలిపోవడం, ఉచ్చ టీ డికాక్షన్ రంగులోకి మారడం, పాలు తాగకుండా మగతగా పడుకోవడం, వీటిలో ఏది కనిపించినా రాత్రయినా సరే బయల్దేరండి. దగ్గర్లో పిల్లల డాక్టర్ లేకపోతే వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికి తీసుకెళ్ళండి. బిడ్డను చుట్టిన గుడ్డలు ఎక్కడ దాచినవి, వాటిలో డాంబర్ గోలీలు ఉన్నాయా, ఇంట్లో పురుగుమందు వాడారా అన్నది డాక్టర్ అడగకముందే చెప్పండి. గోలీల ప్యాకెట్ గానీ, మందు డబ్బా మీది చీటీ గానీ ఉంటే వెంట తీసుకెళ్ళండి.